మనవాడు కట్టే ఇల్లు

తెలుగులో ఉత్తమపురుష బహువచనానికి 'మనము', 'మేము' అని రెండు రూపాలున్న సంగతి ఈ టపా చదివేవారికి క్రొత్తగా చెప్పనక్కరలేదు. వినేవానిని కలుపుకొంటే మనము, బయట నిలిపితే మేము. సంస్కృతానికి ఈ సౌకర్యం లేదు, 'వయమ్' ఒక్కదానితోనే సరిపెట్టుకొన్నది. హిందీకి 'హమ్' ఒక్కటే. తమిళ సోదరులకు నామ్, నాంగళ్ అని మనవలెనే రెండున్నాయి. ఏడవ తరగతి పిల్లలకు ఈ భేదం చెప్పడానికి నేను వాడిన ఉదాహరణ ఒకటే. చుట్టం వచ్చి "మనం భోజనానికి వెళ్తున్నాం" అంటే చెప్పులు వేసుకోవాలి, "మేము భోజనానికి వెళ్తున్నాం" అంటే తలుపు వేసుకోవాలి. పిల్లలు నవ్వేవారు, మరచిపోయేవారు కారు.

ఈ భేదం రూపాయలలో ఎంత విలువ చేస్తుందో మోకిల పరిసరాలలో విల్లాలు అమ్మే కార్యాలయాలలో ఒక పూట కూర్చుంటే తెలుస్తుంది. గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఇల్లు కొనే తలంపుతో ఉన్నాడు. "మామయ్యా, కాగితాలు చదవడం మీకు అలవాటు గదా, ఒకసారి నాతో రండి" అన్నాడు. రెండు శనివారాలు శంకర్‌పల్లి దారిలో తిరిగాము. ప్రతి కార్యాలయంలోనూ చల్లని గది, గాజుపెట్టెలో బొమ్మల కొలువు వంటి చిన్న ఊరు, కప్పులో కాఫీ. మాట్లాడే కుర్రవాడు ఎవరైనా 'మన' అనే అంటాడు. మన ప్రాజెక్టు, మన క్లబ్‌హౌసు, మన తూర్పు ముఖం విల్లా. "చెప్పిన తేదీకి ఇల్లు ఇవ్వకపోతే ఎలాగండీ?" అని మావాడు అడిగిన మరుక్షణం సర్వనామం మారిపోయింది. "అది మా కంపెనీ పాలసీ సార్. మా లీగల్ టీము చూసుకుంటుంది." ఒక చోట కాదు, వెళ్ళిన మూడు చోట్లా ఇదే తంతు. లాభం చెప్పేటప్పుడు మన, నష్టం మాట వచ్చేసరికి మా. వ్యాకరణం తెలియనివాళ్ళని వాళ్ళను ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అయితే ఈ మాటను వాళ్ళు క్రొత్తగా కనిపెట్టలేదు, మన దగ్గరే నేర్చుకొన్నారు. ఇల్లు కట్టేవాడిని ఎంచుకొనేటప్పుడు తెలుగువాడు వేసే మొదటి ప్రశ్న "ఎవరివాడు?" అన్నదే. మన ఊరివాడు, మన జిల్లావాడు, మన స్వామివారి భక్తుడు, మా తోడల్లుడికి బాగా తెలిసినవాడు, (నలుగురిలో నోరు విప్పి అనరు గాని) మన కులంవాడు. ఆ ముద్ర ఒకటి పడిందంటే తక్కిన ప్రశ్నలన్నీ అక్కడితో ఆగిపోతాయి. నా అభిప్రాయంలో ఇల్లు కొనేవారికి ఈనాడు అన్నిటికంటె ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ 'మనవాడు' అన్న మాటే. మనవాడు చెడ్డవాడు కానక్కరలేదు. మనవాడని అనుకోగానే అడగవలసినవి అడగడానికి మొహమాటపడతాము, చిక్కు అక్కడ ఉన్నది.

(బిల్డరు అన్న మాటకు ఇంతవరకు మంచి తెలుగు పదం కుదరలేదు. నిర్మాత అంటే చదువరికి సినిమా గుర్తుకు వస్తుంది. స్థపతి అంటే గుడి గుర్తుకు వస్తుంది. అందుచేత ఈ టపాలో బిల్డరనే వ్రాస్తున్నాను. తోచినవారు మంచి మాట సూచించండి.)

వెనుకటి రోజులలో ఈ 'మనవాడు' పద్ధతి బాగానే పని చేసిందన్న మాట నిజమే. అప్పుడు ఇల్లు కొనడమన్నది లేదు, కట్టించడమే. సామెత కూడా ఇల్లు కట్టి చూడమన్నదే గాని కొని చూడమనలేదు. మేస్త్రి మన వీధి చివర ఉండేవాడు. గానుగ సున్నం ఎన్నాళ్ళు నానింది, శాబాదు బండలు ఎవరి బండిలో వచ్చాయి, దూలానికి వాడింది చేవ కర్రేనా అన్నది ఊరందరికీ తెలుసు. మిద్దె కురిసిందంటే ఆ కబురు ఉదయానికల్లా చెరువుగట్టుకు చేరేది. మేస్త్రి రెండవ ఇల్లు ఒప్పుకోవాలంటే మొదటి ఇంటివాడు అతని గురించి మంచి మాట చెప్పాలి, అతని కూతురి పెళ్ళికి ఆ ఇంటివాళ్ళే వచ్చి కూర్చోవాలి. అంటే అక్కడ నమ్మకానికి వెనుక పూచీ ఒకటున్నది. పారిపోవడానికి వీలులేని చోట మనిషి ఉండడమే ఆ పూచీ. మనం ఆ నమ్మకాన్ని మాత్రం నగరానికి తెచ్చుకొన్నాము, పూచీని ఊళ్ళోనే వదిలి వచ్చాము.

నేటి బిల్డరు వీధి చివర ఉండడు. ఆ మాటకొస్తే అతడు మనిషే కాడు, సంస్థ. అది కూడా ఒక్క సంస్థ కాదు. రహదారి మీద హోర్డింగులో ఉన్న పేరు ఒకటి, ఒప్పందంలో 'మొదటి పక్షము' అని వ్రాసిన పేరు మరొకటి ఉండడం సాధారణం. ప్రాజెక్టుకు ఒకటి చొప్పున వేరువేరు భాగస్వామ్య సంస్థలు పెట్టుకోవడం చట్టవిరుద్ధం కాదు. కాని పాతిక సంవత్సరాల పేరు ప్రతిష్ఠలు హోర్డింగు మీది పేరుకు చెందుతాయి, మీకు ఇల్లు బాకీ ఉన్నది మాత్రం నిరుడు పుట్టిన పేరు. మావాడికి నేను మొదట చెప్పినది ఇదే. రసీదు మీద, ఒప్పందం మీద, భూమి పత్రాల మీద, అనుమతి మీద, బ్యాంకు ఖాతా మీద ఉన్న పేర్లు వరుసగా ఒక కాగితం మీద వ్రాసుకొని చూడమన్నాను. ఎక్కడ పేరు మారితే అక్కడ ఎందుకు మారిందో అడగాలి. అడిగితే చెడ్డవాళ్ళమవుతామా? అవుదాము.

సంస్థ పెద్దదైతే భయం లేదని కొందరంటారు. సత్యం కంప్యూటర్స్ కంటె పెద్ద 'మన' సంస్థ హైదరాబాదులో ఏమున్నది? 'మన తెలుగువాడి కంపెనీ' అని గర్వంగా చెప్పుకొన్న రోజులు మీ అందరికీ గుర్తుండే ఉంటాయి. ఆ కుటుంబానికి చెందిన నిర్మాణ సంస్థ పేరు మేటాస్. ఆంగ్లంలో సత్యం అక్షరాలను చివరినుండి మొదటికి చదివితే వచ్చే పేరు అది. సత్యాన్ని తిరగేసి పేరు పెట్టుకొన్నవారికి ఆ రోజున అందులోని అపశకునం కనబడలేదు. 2008 డిసెంబరు 16న మేటాస్ సంస్థలను సత్యం చేత కొనిపించాలని చూశారు, వాటాదారులు అడ్డుకొన్నారు. 2009 జనవరి 7న లెక్కలన్నీ కట్టుకథలని అధిపతే లేఖ వ్రాశారు. బాచుపల్లిలో హిల్ కౌంటీ పేరుతో మేటాస్ కడుతున్న ఇళ్ళు సగంలో ఆగాయి. కొన్నవారు ఇల్లు లేకుండానే బ్యాంకు వాయిదాలు కట్టుకొంటూ సంవత్సరాలు ఎదురుచూశారు. 2011లో ఆ సంస్థను ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్‌కు అప్పగించారు. 2018 వచ్చేసరికి ఆ ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ కూడా అప్పులు తీర్చలేక కూలిపోయింది.

ఇంకొక పేరు మన సాహిత్యాభిమానులకు మరింత బాధ కలిగించేది. సాహితీ ఇన్‌ఫ్రాటెక్ అనే సంస్థ అమీన్‌పూర్‌లో కట్టబోయే భవనాల కోసం అనుమతులు రాకముందే, ప్రీలాంచ్ పేరిట, జనం దగ్గర పెద్ద మొత్తాలు వసూలు చేసిందన్న ఫిర్యాదులపై దాని అధిపతిని 2022 డిసెంబరులో హైదరాబాదు పోలీసులు అరెస్టు చేశారు. దోషం ఎంతటిదో న్యాయస్థానం తేల్చాలి. డబ్బు కట్టినవారి బాధ మాత్రం ఎవరూ తేల్చనక్కరలేకుండా కనబడుతూనే ఉన్నది. సత్యమనీ సాహితి అనీ పేరు చూసి మురిసిపోయే జాతి మనది గనుక చెబుతున్నాను.

ఈ ప్రీలాంచ్ అన్నదాని గురించి కొంచెం విపులంగా వ్రాయాలి. నాతోపాటు పనిచేసి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడొకాయన ఉన్నారు. లెక్కలు చెప్పేవారు, అణా పైసలు తప్పు పోనివ్వని మనిషి. 2020లో ఆయన దగ్గరకు ఒక పూర్వ విద్యార్థి వచ్చి కాళ్ళకు దండం పెట్టాడు. "సార్, అనుమతి వచ్చాక గజం రేటు రెట్టింపవుతుంది. ఇప్పుడే మొత్తం కడితే సగం ధరకే వస్తుంది. నేను మా నాన్న పొలం అమ్మి పెట్టాను" అన్నాడు. ఆయన గ్రాట్యుటీ డబ్బూ, దాచుకొన్నదీ కలిపి కట్టారు. భూమి పత్రాలు చూపించమని గాని, అనుమతి నెంబరు చెప్పమని గాని అడగలేదు. ఎందుకు అడగలేదని తరువాత నేను అడిగితే "కాళ్ళకు దండం పెట్టినవాడిని సంతకం అడగమంటారా పంతులుగారూ" అన్నారు. ఆ స్థలంలో ఇప్పటికీ జొన్న పండుతున్నది. ఆయన అద్దె ఇంట్లో ఉంటూ, డెబ్బైకి చేరువైన వయస్సులో పదవ తరగతి పిల్లలకు ట్యూషన్లు చెబుతున్నారు. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. చెప్పవలసినది వేరే ఉన్నది. ఆ శిష్యుడు మోసగాడు కాదు. నిజంగానే తండ్రి పొలం అమ్మాడు, నిజంగానే పోగొట్టుకొన్నాడు. మన దగ్గరకు వచ్చే 'మనవాడు' చాలాసార్లు నిజాయితీపరుడే. అతనికి తెలిసినది కమీషను శాతం ఒక్కటే, భూమి సంగతి అతనికి కూడా ఎవరూ చెప్పలేదు. అతని మంచితనాన్ని చూపి మన చేత సంతకం పెట్టించినవాడు వేరే ఉన్నాడు, అతడు మనకు ఎన్నడూ కనబడలేదు.

ఆయన ఆ రోజున ఒకే ఒక్క ప్రశ్న అడిగి ఉంటే చాలును. "రెరా నెంబరు ఎంత నాయనా?" పార్లమెంటు 2016లో చేసిన స్థిరాస్తి చట్టం ప్రకారం అయిదువందల చదరపు మీటర్లకు మించిన స్థలంలోగాని, ఎనిమిదికి మించిన ఇళ్ళుగాని కట్టే ప్రాజెక్టును అధికార సంస్థ దగ్గర నమోదు చేయించనిదే అమ్మకూడదు, ప్రకటించకూడదు, బయానా కూడా పుచ్చుకోకూడదు. తెలంగాణలో నియమాలు 2017లో వచ్చాయి. 2017 జనవరి 1 తరువాత అనుమతి పొందిన ప్రాజెక్టులన్నీ దీని క్రిందకు వస్తాయి. అంటే ప్రీలాంచ్ అన్న మాటే ఒక నేరానికి పెట్టుకొన్న ముద్దుపేరు. కట్టే మొత్తంలో నూటికి డెబ్బై పాళ్ళు ఆ ప్రాజెక్టుకే ప్రత్యేకించిన ఖాతాలో ఉంచాలనీ, రిజిష్టరైన ఒప్పందం లేకుండా ధరలో పదవ వంతుకు మించి పుచ్చుకోరాదనీ ఆ చట్టమే చెబుతున్నది. నమోదు సమయంలో బిల్డరు గత అయిదేళ్ళలో చేపట్టిన ప్రాజెక్టుల వివరాలు, ఎన్ని ఆలస్యమయ్యాయో, ఏమేమి వ్యాజ్యాలున్నాయో దాఖలు చేయాలి. మా మేనల్లుడు ఒక సాయంకాలం కూర్చొని ఇవన్నీ చూశాడు. చాలామంది కాఫీ యంత్రం కొనేముందు ఇంతకంటె ఎక్కువ చదువుతారు.

చట్టం ఉన్నంత మాత్రాన బిల్డరు మంచివాడైపోడు. నమోదు ఉన్న ప్రాజెక్టులూ ఆలస్యమవుతాయి, అధికార సంస్థ ఉత్తరువు ఇచ్చినా డబ్బు చేతికి రావడం వేరే కథ. అది తెలిసే చెబుతున్నాను. కాని ఈ కాగితం అడిగినప్పుడు ఎదుటివాని ముఖం ఎలా మారుతుందో చూడడానికైనా అడగాలి.

ఒప్పందం చదవడం మరొక ముచ్చట. మావాడు ఒకదాని నకలు తెచ్చి ఇచ్చాడు. ఆంగ్లంలో నలభై పుటలు. భాష ఏదైనా వాక్యానికి కర్త, కర్మ, క్రియ తప్పవు గనుక ఎర్ర పెన్ను పట్టుకొని కూర్చున్నాను. చిన్నయసూరి బాలవ్యాకరణం చదివినవారికి నిత్యం, వైకల్పికం, బహుళం అన్న మాటలు కంఠోపాఠం. ఉత్వసంధి నిత్యం, జరిగి తీరుతుంది. అత్వసంధి బహుళం. బహుళమంటే ఒకచోట జరుగుతుంది, ఒకచోట జరగదు, ఒకచోట వికల్పంగా జరుగుతుంది, ఒకచోట చెప్పినట్లు కాక మరోలా జరుగుతుంది. ఆ ఒప్పందంలో కొనేవాడు చేయవలసినవన్నీ నిత్యములు. ఇన్ని దినాలలో వాయిదా కట్టి తీరవలెను, కట్టకుంటే వడ్డీ ఇచ్చి తీరవలెను, రద్దు చేసుకొంటే ఇంత పోగొట్టుకొని తీరవలెను. బిల్డరు చేయవలసినవన్నీ బహుళములు. ఇల్లు అప్పగించే తేదీ కూడా బహుళమే. ఇసుక దొరకకపోతే, కూలీలు రాకపోతే, ప్రభుత్వ కార్యాలయంలో ఆలస్యమైతే, 'ఇతర కారణముల వలన' అయితే తేదీ జరుగుతుంది. ఆ 'ఇతర' అన్న మాట చుట్టూ నేను మూడుసార్లు గీత గీశాను. వడ్డీ విషయంలో మాత్రం చట్టం మన పక్షాన ఉన్నది. వాయిదా ఆలస్యమైతే మన దగ్గర ఎంత వడ్డీ పట్టుకొంటాడో, ఇల్లు ఆలస్యమైతే అంతే వడ్డీ అతడు ఇవ్వాలి. మావాడు తెచ్చిన నకలులో రెండు వైపులా రెండు వేరు అంకెలున్నాయి. అది చూపించగానే వాళ్ళు "పాత నమూనా సార్, మారుస్తాము" అన్నారు. అడగకపోతే పాతదే నడిచేది.

వస్తువుల జాబితాలో ఒక మాట ప్రతి పంక్తి చివరా వస్తుంది: 'లేదా తత్సమానమైనది'. ఫలానా కంపెనీ కుళాయిలు లేదా తత్సమానమైనవి, ఇటలీ పాలరాయి లేదా తత్సమానమైనది. నమూనా ఇంట్లో చూపించేది తత్సమం, మన ఇంట్లో బిగించేది తద్భవం. మనం 'తత్సమానము' అన్నచోట రెండు మూడు కంపెనీల పేర్లు వ్రాయించుకోవాలి. ఒప్పుకోకపోతే ఆ వస్తువు ధర తగ్గించమనాలి. అలాగే వైశాల్యం సంగతి. సూపర్ బిల్టప్ అని మెట్లూ, దారులూ, లిఫ్టు గదీ అన్నీ కలిపి చెప్పిన అంకె వినడానికి బాగుంటుంది. చట్టం గుర్తించేది కార్పెట్ ఏరియాను, అంటే బయటి గోడలు, బాల్కనీలు పోగా ఇంటి లోపల వాడుకొనే నేలను. ఆ అంకె అడిగి, ధరను దానితో భాగించి చూస్తే ఒక బిల్డరు చవక, ఒకడు ప్రియం అనుకొన్న లెక్క తలక్రిందులు కావచ్చును. మావాడి విషయంలో అయింది కూడా.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాటకు వస్తాను. ద్వ్యర్థి కావ్యమనగానే మనకు పింగళి సూరన రాఘవపాండవీయం గుర్తుకు వస్తుంది. మోకిల ప్రాంతంలో ఇల్లు కొనేవాడికి రెండర్థాల వాక్యం ఒకటి చెబుతాను: "ఈ భూమికి నాలా ఉన్నదా?" ఒక అర్థంలో నాలా అంటే వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చిన ఉత్తరువు. ఆంగ్లంలో ఆ చట్టం పేరులోని తొలి అక్షరాలు కలిపితే వచ్చిన మాట. ఇది ఉండాలి. రెండవ అర్థంలో నాలా అంటే హైదరాబాదు వాడుకలో నీటి కాలువ. ఇది మనం కొనే స్థలంలో ఉండకూడదు, లేదా ఎక్కడ ఉన్నదో, దాన్ని ఎటు మళ్ళించారో మనకు తెలియాలి. అమ్మేవాడు మొదటి అర్థంలో విని "ఉందండి" అంటాడు. రెండవ అర్థంలో కూడా ఆ జవాబు నిజమైన సందర్భాలు ఉన్నాయి.

నవ్వులాటకు అనడం లేదు. 2024 సెప్టెంబరు వానలకు మోకిలలోనే ఒక విల్లాల సముదాయం నీట మునిగింది. కోట్లు పోసి కొనుక్కొన్న ఇళ్ళ ముంగిట నీళ్ళు నిలిచిన దృశ్యాలు పత్రికలలో, టీవీలలో అందరూ చూశారు. ఆ రోజులలోనే, 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా, నగరం చుట్టూ చెరువుల పరిధిలో కట్టినవని చెప్పి పలు కట్టడాలను కూల్చింది. నీరు వచ్చి ముంచినా, ప్రభుత్వం వచ్చి కూల్చినా, ఇంటిగలవాడు చివరకు అడిగే ప్రశ్న ఒకటే. ఇక్కడ నీళ్ళున్న సంగతి కట్టినవాడికి తెలియదా? తెలుసు. నేలను చదును చేసిన జేసీబీ నడిపినవాడికి కూడా తెలుసు. మోకిలలో పుట్టి పెరిగిన ముసలివారిని అడిగితే ఏ పొలంలో వరి పండేదో, ఎక్కడ మెట్ట పంటలు పండేవో ఇట్టే చెబుతారు. వరి పండిన మడిలో కట్టిన ఇంటికి వానాకాలం నీరు చుట్టపుచూపుగా రాదు, తన ఇంటికి తాను వస్తుంది. పాత పహాణీలలో తరి, ఖుష్కి అని వ్రాసి ఉండేది, తరి అంటే నీటి వసతి గల భూమి. ఆ ఒక్క మాట చదవగలిగితే బ్రోచరులోని ఇరవై పుటలు చదవకపోయినా నష్టం లేదు.

ఇక్కడకు దగ్గరలోనే మరొక పేచీ ఉన్నది. 1908 మూసీ వరద తరువాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. ఆ రెండు చెరువులకు నీరు చేరే దారులు మూసుకుపోకూడదని 1996 మార్చి 8న ప్రభుత్వం 111వ ఉత్తరువు ఇచ్చి, మొయినాబాదు, చేవెళ్ళ, శంకర్‌పల్లి మొదలైన మండలాలలోని 84 గ్రామాలలో కట్టడాలకు కట్టుబాట్లు పెట్టింది. 2022 ఏప్రిల్‌లో 69వ ఉత్తరువు, 2023 మేలో మంత్రివర్గ నిర్ణయం వచ్చాయి. అప్పటినుంచి అమ్మేవారందరి నోటా "ట్రిపుల్ వన్ ఎత్తేశారండి" అన్న మాటే. మంత్రివర్గం ఏమి అనుకొన్నదన్నది రాజకీయ వార్త. మనం కొనే సర్వే నెంబరులో ఎన్ని అంతస్తులకు ఎవరు ఏ తేదీన అనుమతి ఇచ్చారన్నది వేరే కాగితం. ఆ కాగితం చూపించలేని బిల్డరు ఎంతటి మనవాడైనా అక్కడినుండి లేచి రావడం మంచిది.

బిల్డరు పనితనం చూడడానికి నమూనా ఇల్లు పనికిరాదు. అది పెళ్ళిచూపులనాటి పట్టుచీర వంటిది. అతడు మూడు నాలుగేళ్ళ క్రితం అప్పగించిన సముదాయానికి వెళ్ళాలి, అదీ వానాకాలంలో వెళ్ళాలి. కార్యాలయం వారిని వెంట తీసుకుపోకూడదు. గేటు దగ్గర కాపలాదారుతో, నీటి ట్యాంకరు నడిపేవాడితో, ప్లంబరుతో అయిదు నిమిషాలు మాట్లాడితే అసలు సంగతులు తెలుస్తాయి. ట్యాంకర్లు ఎన్ని వస్తున్నాయి, మేడమీది స్లాబు చెమ్మగిల్లిందా, మురుగునీటి శుద్ధి యంత్రం నడుస్తున్నదా లేక వాసనకు మాత్రమే ఉన్నదా, నివాసుల సంఘానికి నిర్వహణ నిధి లెక్కలతో అప్పగించాడా లేదా. నిర్మాణ లోపాలు కనబడితే అప్పగించిన నాటినుండి అయిదేళ్ళ వరకు, తెలియజేసిన ముప్పై దినాలలో, బిల్డరు తన ఖర్చుతో బాగుచేయాలని చట్టం చెబుతున్నది. అతడు చేశాడా లేదా అన్నది పాత ఇళ్ళవాళ్ళకు తెలుస్తుంది. మేము ఒకచోట ఇలాగే వెళ్ళాము. ఒక ఇల్లాలు బయటికి వచ్చి, ఎండాకాలం అయినా లోపలి గోడ మీద ఇంకా పోని చారలు చూపించి "ఫోన్ చేస్తే మాత్రం ఎత్తుతారండి, చాలా మర్యాదస్థులు" అన్నది. ఆ చారలు మా చేత ఆ బిల్డరును జాబితాలోనుంచి కొట్టివేయించాయి.

కొనడం ఎందుకు, స్థలం కొని మనమే కట్టించుకొందామన్న ఆలోచన కూడా మావాడికి వచ్చింది. 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ వారు మోకిలలో తమ లేఅవుట్ ప్లాట్లను వేలం వేసినప్పుడు గజం కనీస ధర పాతికవేలని పెడితే, పాట లక్షా అయిదువేల దాకా పోయింది. మూడు వందల గజాలకు ఆ లెక్కన మూడు కోట్ల పైమాట. ఇటుక ఒక్కటి పెట్టకముందు సంగతి ఇది. అంత పెట్టి స్థలం కొన్నవాడు కూడా చివరకు మేస్త్రి దగ్గరకే రావాలి, అక్కడ మళ్ళీ 'మనవాడు' ఎదురవుతాడు. సొంత స్థలంలో ఒక ఇల్లు కట్టే కాంట్రాక్టరుకు రెరా వర్తించదు. వినియోగదారుల చట్టం ఉన్నది గాని దానికి ఆధారం కాగితమే. పునాది, ప్లింతు, స్లాబు, గోడలు, పూత అని దశలు వ్రాసుకొని, పని కొలిచిన తరువాతే ఆ దశ డబ్బు ఇవ్వడం, నెలకు రెండుసార్లు వచ్చి చూసిపోయే ఇంజనీరు ఒకరిని వేరే పెట్టుకోవడం తప్ప నాకు తోచిన ఉపాయం లేదు. ఆ ఇంజనీరు కాంట్రాక్టరు తెచ్చినవాడు కాకూడదు.

మా అక్కయ్యకు ఈ తిరుగుడంతా నచ్చలేదు. "అన్ని ప్రశ్నలు వేస్తే ఎవడిస్తాడురా ఇల్లు, వాళ్ళకేమైనా కొరతా కొనేవాళ్ళకు" అన్నది. నిజమే, కొనేవారికి కొరత లేదు. అడిగేవారికే కొరత. వాస్తు అడగడానికి మాత్రం ఎవరూ మొహమాటపడరు. ఈశాన్యం మూల తగ్గిందని కోట్ల విల్లా వద్దనుకొని వచ్చినవారిని చూశాను, దానికి బిల్డరు కూడా నొచ్చుకోడు, తలుపు మార్చి ఇస్తానంటాడు. ఈశాన్యం గురించి అడిగే నోటితోనే ఖాతా పేరు అడగడం అమర్యాద ఎట్లా అవుతుందో నాకు అర్థం కాదు. పెళ్ళి సంబంధం చూసేటప్పుడు అబ్బాయి జీతం చీటీ అడిగే జాతే గదా మనది.

మావాడు ముగ్గురు బిల్డర్లకు పన్నెండు ప్రశ్నలు వ్రాసి ఈమెయిలు పంపాడు. ఒకరు జవాబివ్వలేదు. ఒకరు బ్రోచరు మళ్ళీ పంపి, క్రింద "మనం కూర్చొని మాట్లాడుకుందాం సార్" అని వ్రాశారు. మూడవవారు పదింటికి కాగితాలు జతచేసి, తక్కిన రెండింటికి ఇంకా అనుమతి రాలేదని, వచ్చాక పంపుతామని, 'మేము' అన్న సర్వనామంతోనే జవాబిచ్చారు. నాకు ఆ 'మేము' నచ్చింది. వాళ్ళు అంతకుముందు కట్టిన ఇళ్ళు చేవెళ్ళ దారిలో ఉన్నాయట. ముసురు పట్టగానే ఒకసారి వెళ్ళి చూడాలి, ఆ తరువాతే బయానా మాట. మీలో ఎవరైనా మొయినాబాదు, చేవెళ్ళ, శంకర్‌పల్లి ప్రాంతాలలో విల్లా కొని రెండు మూడు వానాకాలాలు గడిపి ఉంటే, బిల్డరు పేరు వ్రాయనక్కరలేదు గాని, నీరు ఎటునుంచి వచ్చి ఎటు పోయిందో వ్యాఖ్యలో వ్రాయండి. మావాడికి చదివి వినిపిస్తాను.